ఇత్తడి యాంగ్లర్: అంచు పనిలో నేను నేర్చుకున్నవి, చెడగొట్టుకున్నవి

మొన్న ఏప్రిల్ చివరి వారంలో మిర్యాలగూడ రోడ్డు వైపున్న ఒక ఇంటాయన నాకు ఫోను చేసి, "ఏంది తమ్మీ, నువ్వు బిగించిన ఇత్తడి లేచి కూసున్నది, కాలుకు తగులుతున్నది, జెర వచ్చి సూడరాదు" అన్నారు. ఆయన ఉద్యోగ విరమణ చేసిన లెక్కల మాస్టారు. జనవరిలో ఆయన ఇంటి ముందున్న నాలుగు గ్రానైటు మెట్లకు, ఒక్కొక్కటి ఎనిమిది అడుగుల వెడల్పు, ముందు అంచు పొడవునా ఇత్తడి యాంగ్లర్, అంటే ఎల్ ఆకారపు ఇత్తడి కడ్డీ, వేశాను. రాయిలో గాడి కోయించి, యాంగ్లర్ పైరెక్క రాతి మట్టానికి సరిగ్గా కలిసేలా దించి, గట్టిగా బిగుసుకునే ఎపాక్సీతో అతికించి, రెండు చివర్లలో గోడకూ లోహానికీ మధ్య వెంట్రుకంత సందు కూడా లేకుండా కూర్చాను. ఆ బిగువును చూసి ఆ రోజు నాకు నేనే ముచ్చటపడ్డాను. ఆ ఇల్లు పడమటి ముఖంగా ఉంది. నల్లగొండ ఎండ ఎలా ఉంటుందో ఇక్కడివారికి నేను చెప్పనక్కరలేదు. నేను వెళ్లి చూసేసరికి రెండో మెట్టు మీది ఇత్తడి నడిమధ్యన బొటనవేలు మందాన పైకి లేచి, విల్లులా వంగి ఉంది.

తప్పు ఎక్కడ జరిగిందో మాస్టారి ముందే, ఆయన ఇచ్చిన కాగితం మీదే లెక్క కట్టాను. ఇత్తడి ఒక మీటరు పొడవుకు, ఒక డిగ్రీ వేడికి, మిల్లీమీటరులో సుమారు యాభయ్యో వంతు సాగుతుంది. గ్రానైటు సాగుదల అందులో సగం కూడా ఉండదు. నేను పని చేసిన జనవరి ఉదయం లోహం 20 డిగ్రీల దగ్గర ఉందనుకుంటే, ఏప్రిల్ మధ్యాహ్నం నేరుగా ఎండ పడే మెట్టు మీద అది 60 డిగ్రీలకు చేరడం కష్టమేమీ కాదు. అంటే 40 డిగ్రీల తేడా. ఎనిమిది అడుగులు దాదాపు 2.4 మీటర్లు కాబట్టి ఇత్తడి సాగేది 1.9 మిల్లీమీటర్లు, రాయి సాగేది 0.8 కంటే తక్కువ, మిగిలిన తేడా ఒక మిల్లీమీటరుకు కాస్త ఎక్కువ. "ఒక్క మిల్లీమీటరుకు ఇంత లేస్తదా?" అని మాస్టారు అడిగారు గానీ, సమాధానం కూడా ఆయనే రాబట్టారు. రెండు చివరలు కదలకుండా పట్టిన 2.4 మీటర్ల పట్టీలో ఒక మిల్లీమీటరు మిగులు పొడవు ఉంటే, ఆ మిగులు ప్రక్కకు పోవడానికి దారి లేక పైకి వంగుతుంది, వంగినప్పుడు నడుమ ఎత్తు 30 మిల్లీమీటర్ల వరకు, అంటే అంగుళానికి మించి రావచ్చు. ఎపాక్సీ అక్కడక్కడ పట్టి ఉంచింది కాబట్టి మాకు బొటనవేలు మందంతో సరిపోయింది.

ఆ మెట్లను తిరిగి చేసిన తీరు ఇది. ఒక్కో యాంగ్లర్‌ను మూడు ముక్కలుగా కోసి, ముక్కకూ ముక్కకూ మధ్య, చివర్లలో గోడ దగ్గర, ఒక్కో మిల్లీమీటరు సందు వదిలాను. ప్రతి ముక్కకూ నడుమ ఒక స్క్రూను మాత్రం గట్టిగా బిగించి, చివరి స్క్రూలకు గుండ్రటి రంధ్రానికి బదులు పొడవాటి రంధ్రం తీశాను. దానివల్ల లోహం నడుమ నుంచి రెండు వైపులకూ జరగగలదు. ఎపాక్సీకి బదులు సాగే గుణమున్న సిలికాన్ వాడాను. ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి. మార్కెట్లో చవకగా దొరికే సిలికాన్ గొట్టాల్లో చాలావాటిని నొక్కగానే వెనిగర్ లాంటి పుల్లటి వాసన వస్తుంది. ఆ వాసన ఎసిటిక్ ఆమ్లానిది. అది ఇత్తడిని తిని, అంచు వెంబడి ఆకుపచ్చ చిలుము పట్టిస్తుంది. గొట్టం మీద న్యూట్రల్ అని రాసి ఉన్నదే ఇత్తడికి పనికొస్తుంది. ధరలో తేడా ఉంటుంది, కానీ అది ఇత్తడి ధరతో పోలిస్తే లెక్కలోకి రాదు.

ఈ బ్లాగు చదివేవారిలో ఇల్లు కట్టుకుంటున్నవారు కొందరు, నాలాగా పని చేసేవారు కొందరు ఉన్నారని వచ్చే ప్రశ్నలను బట్టి నాకు తెలుసు. అందుకని కాస్త మొదటి నుంచి చెబుతాను. ఎల్ ఆకారంలో రెండు రెక్కలు లంబంగా కలిసిన లోహపు కడ్డీని ఇనుము పనివాళ్లు యాంగ్లర్ అంటారు, ఇత్తడికీ అదే పేరు. ఇనుప యాంగ్లర్ బరువు మోయడానికి పుట్టింది. షెడ్డు వేసినా, వాటర్ ట్యాంకుకు స్టాండు చేసినా అదే ఆధారం. ఇత్తడి యాంగ్లర్ పని వేరు. అది దాదాపు ఎక్కడా బరువు మోయదు. రెండు తలాలు కలిసే చోట, అంటే మెట్టు అంచున, బల్ల అంచున, గోడ మూలన, గాజు పెట్టె అంచుల వెంబడి, తలుపు చట్రం చుట్టూ, ఎక్కడైతే రాయి విరుగుతుందో, చెక్క చిట్లుతుందో, గాజు చేతికి కోసుకుంటుందో, అక్కడ ఆ అంచును కాపాడుతూ కంటికి ఒక గీతలా కనిపించడం దాని పని.

మా తాతగారు కంచరి. బిందెలు, చెంబులు, గంగాళాలు, గుడి గంటలకు అతుకులు ఆయన బతుకు. మా నాన్నగారి కాలానికి స్టీలు సామాను వచ్చి ఆ పని పోయింది. ఆయన గేట్లు, కిటికీ గ్రిల్లులు వెల్డింగ్ చేసి మమ్మల్ని చదివించారు. నేను వనపర్తి సంస్థానాధీశుల రాజభవనంలో నడిచే పాలిటెక్నిక్‌లో మెకానికల్ డిప్లొమా చేసి, తిరిగి అదే షెడ్డులోకి వచ్చాను. ఇత్తడి మా ఇంట్లోకి మళ్లీ వచ్చింది, రేకుగా కాదు, కడ్డీగా. ఈ తేడా చిన్నది కాదు. జనగామ జిల్లా పెంబర్తిలో కాకతీయుల కాలం నుంచి రథాలకూ, ధ్వజస్తంభాలకూ చేసే తొడుగు పని అంతా పలుచని రేకును వెనుక నుంచి కొట్టి బొమ్మ లేపే విద్య. అక్కడ పనివాడి సుత్తి ప్రతి అంగుళం మీదా పడుతుంది. యాంగ్లర్ పనిలో ఆకారం కర్మాగారంలోనే తయారై వస్తుంది. మన నైపుణ్యమంతా దాన్ని ఎక్కడ కోయాలి, ఎలా కలపాలి, ఎంత సందు వదలాలి అన్న దగ్గరే ఉంటుంది. మా తాతగారు బతికి ఉంటే దీన్ని పని అని ఒప్పుకునేవారు కాదేమో.

ఆ ఆకారం తయారయ్యే పద్ధతి మురుకుల గొట్టాన్ని చూసినవారికి వెంటనే అర్థమవుతుంది. ఎర్రగా కాచిన ఇత్తడి దిమ్మెను ఎల్ ఆకారపు రంధ్రమున్న గట్టి ఉక్కు అచ్చులోంచి బలంగా నెడితే, మురుకు పిండిలా పొడవాటి యాంగ్లర్ బయటికి వస్తుంది. దీన్ని ఎక్స్‌ట్రూజన్ అంటారు. వేడి ఇత్తడికి ఈ పద్ధతిని 1894లో అలెగ్జాండర్ డిక్ నిలబెట్టాడు. దానికి కుదిరే మిశ్రమం సంగతి అంతకు ముందే, 1832లో, బర్మింగ్‌హామ్‌కు చెందిన జార్జ్ ఫ్రెడరిక్ మంట్జ్ తీసుకున్న పేటెంటుతో తెలిసింది. సుమారు 60 పాళ్లు రాగి, 40 పాళ్లు జింకు కలిపితే ఆ ఇత్తడి కాగినప్పుడు ఎంతో మెత్తగా సాగుతుంది. అందులో రమారమి 3 పాళ్లు సీసం చేర్చి, రాగిని 58 దగ్గరకు తగ్గించినదే ఇప్పుడు కడ్డీలకూ యాంగ్లర్లకూ విరివిగా వాడే రకం. సీసం ఇత్తడిలో కరిగి కలిసిపోదు, సన్నటి చుక్కలుగా విడివిడిగా ఉంటుంది. అందుకే డ్రిల్లు పెట్టినా, రంపం వేసినా పొట్టు పొడిపొడిగా రాలి, పనిముట్టు హాయిగా నడుస్తుంది. అదే సీసం వల్ల ఈ లోహం చల్లగా ఉన్నప్పుడు వంచడానికి ఒప్పుకోదు, అన్నం కూర తగిలే చోట వాడడానికి పనికిరాదు. వంటగట్టు అంచుకు ఇత్తడి యాంగ్లర్ వేయమని అడిగినవారికి నేను ఈ కారణం చెప్పి వద్దంటాను. కొందరు వేరే చోట వేయించుకుంటారు, అది వారి ఇష్టం.

మార్కెట్లో యాంగ్లర్ పేరుతో రెండు రకాలు దొరుకుతాయి. ఒకటి పైన చెప్పిన నెట్టి తీసిన రకం, రెండోది ఇత్తడి రేకును యంత్రంలో మడిచి చేసిన రకం. మొదటిదాని బయటి మూల కత్తి గీసినట్టు తీరుగా ఉంటుంది, లోపలి మూల కూడా దాదాపు అంతే. రెండోదాని బయటి మూల ఎంత బాగా మడిచినా గుండ్రంగానే ఉంటుంది, ఎందుకంటే రేకు మందం మడతలో పోయే దారి అదే. మెట్టు అంచుకు, గాజు పెట్టెకు మొదటిదే అందం. పెద్ద రెక్కలు, పలుచని మందం కావలసిన చోట, ఉదాహరణకు నాలుగంగుళాల స్తంభపు మూలకు, మడిచినదే గతి. దానికి వాడే రేకు 63 పాళ్లు రాగి, 37 పాళ్లు జింకు గల రకమై, సీసం లేనిదై ఉంటే మడతలో చిట్లదు.

కొనేటప్పుడు ఇత్తడి యాంగ్లర్‌ను అడుగుల లెక్కన కాదు, కిలోల లెక్కన అమ్ముతారు. అందువల్ల బరువు కట్టడం తెలియకపోతే అంచనా తలకిందులవుతుంది. రెండు రెక్కల వెడల్పులు కలిపి, అందులోంచి ఒక మందం తీసివేసి, మిగిలినదాన్ని మందంతో గుణిస్తే అడ్డకోత వైశాల్యం వస్తుంది. 25 మిల్లీమీటర్ల రెక్కలు, 3 మిల్లీమీటర్ల మందం ఉన్నదానికి అది 141 చదరపు మిల్లీమీటర్లు. ఘన సెంటీమీటరు ఇత్తడి బరువు దాదాపు ఎనిమిదిన్నర గ్రాములు కాబట్టి మీటరుకు 1.2 కిలోలు. అదే కొలత ఇనుప యాంగ్లర్ 1.1 కిలోలు, అల్యూమినియం 400 గ్రాముల లోపు తూగుతాయి. ఈ లెక్క ఇంకో విధంగా కూడా ఉపయోగపడుతుంది. బంగారు రంగు వేసిన అల్యూమినియం యాంగ్లర్‌ను ఇత్తడని చూపించినప్పుడు చేతిలోకి తీసుకుంటే చాలు, మూడో వంతు బరువు దానంతట అదే నిజం చెబుతుంది. ఇనుము మీద ఇత్తడి పూత పూసినదైతే అయస్కాంతం పట్టేస్తుంది. ఈ మధ్య ఎక్కువగా వస్తున్న బంగారు రంగు పూత వేసిన స్టెయిన్‌లెస్ స్టీలు రకాలను మాత్రం బరువూ చెప్పదు, అయస్కాంతమూ చెప్పదు. కోసిన చివర మీద ఆకురాయితో ఒక గీత గీయాలి, లోపల తెల్లగా కనిపిస్తే అది స్టీలు. ఆ స్టీలు పట్టీలు చెడ్డవని నేను అనను. నల్లబడవు, చవక, తుడుచుకుంటే చాలు. అయితే కాళ్లు రాసుకునే చోట పూత అరిగి తెల్ల గీతలు బయటపడితే వాటిని బాగుచేసే దారి లేదు, ఇత్తడినైతే ఎన్నిసార్లయినా మళ్లీ మెరుగు పెట్టవచ్చు.

రెండేళ్ల క్రితం చేసిన ఒక తప్పు మెట్ల తప్పుకంటే ఎక్కువగా నన్ను ఇబ్బంది పెట్టింది. దేవరకొండ వైపు ఒక పల్లెలో పాత మిద్దె ఇంటిని బాగుచేసుకుంటున్న రైతు కుటుంబం, వెనుక తలుపు టేకు చట్రానికి రెండు వైపులా ఇత్తడి మూలలు కావాలన్నది. హైదరాబాదులో రేకు మడిచి ఇచ్చే ఒక దుకాణం నుంచి యాంగ్లర్లు చేయించి బిగించాను. ఆ వానాకాలం గడిచేసరికి మడత వెంబడి, పై నుంచి కింది దాకా, వెంట్రుకలాంటి సన్నటి పగుళ్లు వచ్చాయి. ఒకచోట చేత్తో నొక్కితే రెక్క విరిగి ఊడింది. ఎవరూ దెబ్బ కొట్టలేదు, బరువు పెట్టలేదు. ముందు తలుపుకు వేసిన అదే రకం యాంగ్లర్లు చెక్కుచెదరలేదు. నేను మొదట రేకు కల్తీదని ఆ దుకాణదారుతో తగాదా పెట్టుకున్నాను. తర్వాత వెనుక తలుపు దగ్గర నిలబడి చూస్తే కారణం ముక్కుకే తెలిసింది. తలుపుకు నాలుగడుగుల దూరంలో పశువుల కొట్టం ఉంది. వానలకు తడిసిన పేడ, మూత్రం నుంచి వచ్చే ఘాటైన అమోనియా వాసన నాలుగు నెలల పాటు ఆ చట్రాన్ని అంటిపెట్టుకొని ఉంది.

ఈ జబ్బుకు మన దేశంతో పాత సంబంధమే ఉంది. బ్రిటిష్ సైన్యం ఇక్కడ వానాకాలంలో గుర్రపుశాలల్లో నిల్వ చేసిన తూటాల ఇత్తడి తొడుగులు వాటంతట అవే పగిలిపోయేవి. కాలాన్ని బట్టి వస్తుందని దానికి సీజన్ క్రాకింగ్ అని పేరు పెట్టారు. 1921లో గానీ కారణం తేటతెల్లం కాలేదు. చల్లగా ఉన్న ఇత్తడిని వంచినప్పుడో లాగినప్పుడో దానిలో ఒక బిగువు దాగి ఉండిపోతుంది. ఆ బిగువుకు తేమ, అమోనియా తోడైతే లోహపు రేణువుల సరిహద్దుల వెంట పగులు పాకుతుంది. బిగువు లేకపోతే ఒక్క అమోనియా పగలగొట్టలేదు, అమోనియా లేకపోతే బిగువు ఒక్కటీ పగలగొట్టలేదు. మందు కూడా దీనిలోనే ఉంది. మడిచిన యాంగ్లర్లను 250 నుంచి 300 డిగ్రీల మధ్య గంటసేపు కాచి చల్లారిస్తే గట్టిదనం పెద్దగా తగ్గకుండానే లోపలి బిగువు సడలుతుంది. పొడి పూత (పౌడర్ కోటింగ్) వేసే పొయ్యి ఉన్నవారిని అడిగితే ఆ వేడిని ఎంత వరకు ఇవ్వగలరో చెబుతారు. నేను ఆ ఇంటికి నెట్టి తీసిన యాంగ్లర్లు తెచ్చి, సొంత ఖర్చుతో మార్చాను. దుకాణదారుకు క్షమాపణ చెప్పాను. ఆయన నవ్వి, "పైసలు అడుగుతవనుకున్న, మాఫీ అడుగుతున్నవా అన్నా" అన్నాడు. ఇప్పుడు పల్లె పని వస్తే నేను మొదట అడిగే ప్రశ్న కొట్టం ఎటు వైపుందన్నదే. మరుగుదొడ్లు, కోళ్ల ఫారాలు, యూరియా బస్తాలు నిల్వ చేసే గదులు కూడా ఈ లెక్కలోకే వస్తాయి. అమోనియా కలిసిన గాజు తుడుపు ద్రవాలను ఇత్తడి చట్రమున్న గాజు పెట్టెల మీద చల్లడం కూడా మానుకోవాలి.

కోత గురించి పెద్దగా చెప్పేదేమీ లేదు గానీ, ఒక విషయం తెలియక చాలామంది యాంగ్లర్లను పాడుచేస్తారు. రంపపు పళ్లు లోహపు మందం మీద ఎప్పుడూ కనీసం రెండైనా నిలవాలి. లేకపోతే పన్ను అంచుకు తగులుకొని రెక్కను వంచేస్తుంది. 3 మిల్లీమీటర్ల మందానికి అంగుళానికి 24 పళ్ల బ్లేడు, అందులో సగానికి కాస్త పైబడిన మందానికి 32 పళ్ల బ్లేడు సరిపోతాయి. కొత్తగా సానబట్టిన డ్రిల్లు బిట్టు ఇత్తడిలోకి స్క్రూలా దూసుకుపోయి, అవతలి వైపు తేలేటప్పుడు ముక్కను ఎత్తి తిప్పేస్తుంది. అందుకే ఇత్తడికి వాడే బిట్టు కోత అంచును సానరాయి మీద కొద్దిగా మొద్దు చేసుకోవాలి. పదునును తగ్గిస్తే పని బాగా సాగుతుందంటే మా దగ్గర పని నేర్చుకునే పిల్లలు నమ్మరు, ఒకసారి వేలు ఒరుసుకున్నాక నమ్ముతారు.

రెండు యాంగ్లర్లు మూల దగ్గర కలిసే నలభై ఐదు డిగ్రీల కోతలోనే పనితనం బయటపడుతుంది. గీత గీసి, గీతకు అర మిల్లీమీటరు బయట కోసి, మిగిలినది ఆకురాయితో మూలమట్టం పెట్టి చూసుకుంటూ తీయాలి. యంత్రం కోతను అలాగే కలిపితే గది మూల తొంభై డిగ్రీలు అయినప్పుడే కుదురుతుంది. మా జిల్లాలో నేను కొలిచిన గదుల్లో సరిగ్గా తొంభై ఉన్న మూల ఎక్కడా కనిపించలేదు. ముందు గది మూలను అట్టముక్క మీదికి ఎక్కించుకొని, దాన్ని సగం చేసి, ఆ కోణంలో కోయడమే దారి. కలిపిన చోట అతుకు వేయడం ఇంకో చిక్కు. ఇత్తడి కరిగే వేడి 900 డిగ్రీలకు అటూ ఇటూ. అందులోని జింకు మరిగే వేడి 907 డిగ్రీలు. అంటే ఇనుములాగా వెల్డింగ్ చేయబోతే జింకు తెల్లటి పొగగా ఎగిరిపోతుంది, అతుకు బెజ్జాలు పడుతుంది, ఆ పొగ పీల్చినవాడికి ఆ రాత్రి చలిజ్వరం వస్తుంది. నాకు ఒకసారి వచ్చింది. వెలిగారం వేసి వెండి కలిసిన అతుకుకడ్డీతో 650 నుంచి 700 డిగ్రీల మధ్య అతికితే గట్టిగా ఉంటుంది, కానీ పసుపు లోహంలో తెల్ల గీత కనిపిస్తుంది. అందువల్ల అలంకారపు పనిలో నేను మూల వెనుక, కంటికి కనబడని చోట, చిన్న ఎల్ ముక్కను ఆనించి, దాన్ని స్క్రూతోనూ టంకంతోనూ పట్టిస్తాను. ముందు వైపు కోతలు రెండూ ఒకదానికొకటి తాకి ఊరుకుంటాయి.

చెక్కకు బిగించేటప్పుడు ఇనుప స్క్రూ వాడకూడదు. తేమలో ఇత్తడి పక్కనున్న ఇనుము మామూలుకంటే వేగంగా తుప్పుపట్టి, తుప్పు నీరు ఇత్తడి మీదా చెక్క మీదా చారలుగా దిగుతుంది. ఇత్తడి స్క్రూ మెత్తనిది, టేకులోకి నేరుగా తిప్పితే తల తెగి లోపలే ఉండిపోతుంది. అదే కొలత ఇనుప స్క్రూను ముందు తిప్పి దారి చేసి, తీసేసి, ఇత్తడి స్క్రూకు కాస్త తేనెమైనం రాసి తిప్పితే నెమ్మదిగా దిగుతుంది. స్క్రూ తలల గీతలన్నీ ఒకే వైపుకు నిలిపే అలవాటు నాకుంది. దానివల్ల లాభమేమిటని ఒకరు అడిగారు. లాభం లేదు.

ఇక రంగు. నన్ను ఎక్కువమంది అడిగేది ఇదే, నల్లబడకుండా ఏం చేయాలని. చేతులు, కాళ్లు రోజూ తగిలే ఇత్తడి దానంతట అదే మెరుస్తుంది, ఎవరూ తాకని ఇత్తడి నల్లబడుతుంది. నేను అంచు పనికి ఇత్తడిని ఎంచుకోవడానికి అసలు కారణం ఇదే. మెట్టు అంచు, తలుపు అంచు, దుకాణం బల్ల అంచు, మెట్ల పక్క కడ్డీ మనిషి తగిలే చోట్లు. పైకప్పు కింద, గోడ మీద ఎత్తున, బొమ్మ చుట్టూ వేసిన ఇత్తడి గీతలు మొదటి దీపావళి దాకా అందంగా ఉండి తర్వాత నిచ్చెన వేసి తోముకోవలసిన బరువు అవుతాయి. అటువంటి చోట పైన చెప్పిన స్టీలు పట్టీలే మేలని నేను స్వయంగా చెబుతాను. మెరుగును నిలపడానికి వేసే క్లియర్ లాకర్ పూత ఇంటి లోపల, చేయి తగలని చోట కొన్నేళ్లు ఉంటుంది. ఎండ తగిలే చోట అది చిట్లి, చిట్లిన సందుల్లోంచి నలుపు ఆకు ఈనెల్లా పాకుతుంది. అప్పుడు పూతంతా గీకి తీయాలి. తాకే చోట పూత వేయకుండా వదిలి, ఆరు నెలలకొకసారి మైనం పట్టించడమే నా పద్ధతి. న్యూయార్కులో 1958లో పూర్తయిన 38 అంతస్తుల సీగ్రమ్ భవనానికి బయట వేసిన నిలువు పట్టీలు పచ్చబడకుండా క్రమం తప్పకుండా నూనె పట్టిస్తూ తుడుస్తుంటారు. ఆ పట్టీల లోహాన్ని వ్యాపారంలో ఆర్కిటెక్చరల్ బ్రాంజ్ అంటారు గానీ, అందులో తగరం ఉండదు, 57 పాళ్లు రాగి, 40 పాళ్లు జింకు, 3 పాళ్లు సీసం. మన తాతల లెక్కలో అది కంచు కాదు, అచ్చమైన ఇత్తడి.

మన ఇళ్లలో ఇత్తడి అనగానే చింతపండు గుర్తుకొస్తుంది. చింతపండు పులుపు నల్లటి పొరను కరిగిస్తుంది, పని చక్కగా చేస్తుంది. కానీ బిందెను తోమడం వేరు, నేలలో పాతిన అంచును తోమడం వేరు. మన వైపు పాత ఇళ్లలోనూ, ఇప్పటికీ చవక కట్టుబళ్లలోనూ నేలకు వేసేది తాండూరు బండ, షాబాదు బండ. అవి సున్నపురాళ్లు. పులుపు తగిలితే రాయి మెరుగు పోయి, యాంగ్లర్ పక్కనే తెల్లగా మాసిన గీత పడుతుంది, అది ఎంత కడిగినా పోదు. గ్రానైటుకు ఆ భయం లేదు. పులుపును ఇత్తడి మీద రాత్రంతా ఉంచడం కూడా తప్పే, పైపొరలోని జింకు కరిగి పోయి గులాబీ రంగు రాగి మచ్చలు తేలుతాయి. బండ నేలల ఇళ్లకు నేను చెప్పేది మెరుగు పొడిని పొడి గుడ్డతో రుద్దమని, అది కూడా అంచుకు ఇరువైపులా కాగితపు టేపు అంటించి. బోరు నీళ్లతో కడిగి ఆరనిస్తే మన ఉప్పు నీళ్లు తెల్ల చుక్కలు పెడతాయి, వెంటనే తుడవాలి.

గడప దగ్గర ఇవన్నీ ఒకేచోట కలుస్తాయి. గడప చెక్క అరిగిపోతోందని పై అంచుకు ఇత్తడి యాంగ్లర్ వేయించుకునేవారు ఈ మధ్య పెరిగారు. శుక్రవారం శుక్రవారం దానికి పసుపు రాసి, కుంకుమ బొట్లు పెట్టి, నీళ్లు చల్లుతారు. లాకర్ వేసిన ఇత్తడి మీద పసుపు మరక పూతలోకి ఇంకి గార పట్టిన పళ్ల రంగులో మిగిలిపోతుంది. లాకర్ లేనిదాని మీద తడి పసుపు కింద నల్ల మచ్చలు వస్తాయి గానీ తోమితే పోతాయి. ఒక ఇంట్లో పెద్దావిడకు ఈ సంగతి వివరించి, పసుపు చెక్క మీద మాత్రమే రాయమని చెప్పబోతే, "గడపకు పసుపు పెట్టుడు మానుకుంటనా బిడ్డా, నీ ఇత్తడే తీసుకపో" అన్నది. ఆమె మాటే సరైనదనిపించింది. అప్పటి నుంచి గడపకు యాంగ్లర్ వేసేటప్పుడు పై రెక్కను వెడల్పు 12 మిల్లీమీటర్లకు మించకుండా, అడుగు పడే లోపలి అంచుకు జరిపి, పసుపు రాసే ముందు ముఖాన్ని చెక్కగానే వదిలేస్తున్నాను.

వచ్చే నెల పానగల్లు వైపు ఒక పని ఒప్పుకున్నాను. పదకొండు మెట్లు, తాండూరు బండ, ఇత్తడి అంచు. సందులు ఎక్కడెక్కడ వదలాలో బొమ్మ గీసి మేస్త్రికి ఇచ్చాను. ఆయన దాన్ని శ్రద్ధగా చూసి, మడిచి జేబులో పెట్టుకొని, "ఈ సందులల్ల నేను వైట్ సిమెంట్ నింపుత తియ్ అన్నా, నువ్వు ఫికర్ చెయ్యకు" అన్నాడు. అందుకని బండలు పరిచే రోజుల్లో వేరే పనులేవీ పెట్టుకోలేదు.